మానవవాదం, భౌతికవాదం, భక్తి: బరంపురం వైపు వినిపించే అపోహలు

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల మధ్య మానవవాదం ఊసెత్తితే చాలు, "అయితే దేవుడు లేడంటారా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నలో మూడు సంగతులు కలగలిసిపోయాయి. లౌకికత్వం ప్రభుత్వానికి సంబంధించింది: ఏ మతం పక్షానా నిలబడకూడదు. భౌతికవాదం ప్రపంచం దేనితో తయారైందనే ప్రశ్నకు ఒక జవాబు. మానవవాదం మంచిచెడ్డల్ని మనిషి బాగోగులతో తూచే పద్ధతి. ఒకటి ఒప్పుకుని మిగతా రెండూ కాదనొచ్చు. రోజూ గుడికి వెళ్తూ, బడిలో మాత్రం మతబోధ వద్దనేవాళ్లు ఎంతమంది లేరు!

అపోహ: మతం లేని పెళ్లి చేసుకోవాలంటే మతం వదులుకున్నట్టు రాసివ్వాలి.

వాస్తవం: 1872 నాటి చట్టంలో ఆ షరతు నిజంగానే ఉండేది. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా, పెళ్లి చేసుకుంటామని జిల్లా వివాహ అధికారికి ఇచ్చే నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. అబ్బాయిది బరంపురం, అమ్మాయిది సోంపేట అయితే బరంపురంలో నోటీసు ఇచ్చినా దాని నకలు శ్రీకాకుళం జిల్లా ఆఫీసుకీ వెళ్లి అక్కడా అంటిస్తారు. ఇంట్లో తెలియకుండా కానిద్దామనుకున్నవాళ్లు చిక్కుకునేది అక్కడే. 30 రోజులు గడిచాక ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి కాకపోతే మళ్లీ మొదటికి. కులం నచ్చలేదు, మతం వేరు అనేవి అభ్యంతరాల కింద చెల్లవు. వయసు, బతికున్న భార్య లేక భర్త, మతిస్థిమితం, నిషిద్ధ వరస, ఇవే చెల్లుతాయి.

ఆ నిషిద్ధ వరసల దగ్గరే మనవాళ్లకు మెలిక పడుతుంది. మేనమామ కూతురు, మేనత్త కూతురు ఆ జాబితాలో ఉన్నారు. ఆచారం ఉంటే మినహాయింపు ఉంది గానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. మేనరికమైతే ఆచారం ప్రకారం పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకోవడమే తేలిక. ఇక్కడ నాస్తికుడికీ ఆచారమే దిక్కు!

ఆస్తి మాట కూడా ముందే తెలుసుకోవాలి. ఇద్దరూ హిందువులైతే వారసత్వంలో మార్పేమీ ఉండదు. హిందువు క్రైస్తవురాలిని ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క. వాటా పోదు.

అపోహ: మానవవాదులకు జాతరలంటే గిట్టదు.

వాస్తవం: బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో పెద్దరికం తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్లది. దాన్ని ఆపమనేవాళ్లెవరూ లేరు. రాజ్యాంగం 25వ అధికరణం ఆరాధన స్వేచ్ఛనిస్తే, 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్నీ మానవవాదాన్నీ పౌరుడి విధిగా చెప్పింది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. పేచీ ఎక్కడంటే, ఊళ్లో జ్వరాలొస్తే ఒంటరి ముసలమ్మ మీద చిల్లంగి (చేతబడి) నింద వేసి కొట్టే చోట. దానికి ఒడిశాలో 2013 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లాలోనే, ఛత్రపురంలో 1902లో పుట్టిన నాస్తికుడు గోరా, గాంధీతో కలిసి పనిచేశాడు. ఆయన కూతురి కులాంతర వివాహంలో "దేవుడి పేరిట" బదులు "సత్యం పేరిట" అనడానికి గాంధీ ఒప్పుకున్నాడు. గాంధీ పోయాక, 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిగింది.

అపోహ: భౌతికవాదమంటే తిని, తాగి, సుఖపడమనడం.

వాస్తవం: "అప్పు చేసైనా నెయ్యి తాగు" అన్నది మన పాతకాలపు భౌతికవాదులైన చార్వాకుల సొంత గ్రంథంలో దొరికింది కాదు, వాళ్లని ఖండించినవాళ్లు రాసిపెట్టింది. వాళ్ల అసలు పట్టు ప్రత్యక్ష ప్రమాణం మీద, అంటే కంటికి, ఇంద్రియాలకు తెలిసిందే రుజువు అనడం మీద. ధనత్రయోదశి నాడు బంగారం కొట్ల ముందు తోసుకునేది చార్వాకులు కాదు కదా.

అపోహ: బాబాల మహిమ గుట్టు విప్పితే దేవుడు లేడని రుజువైనట్టే.

వాస్తవం: కాదు. ఊరూరా ఆ గుట్టు విప్పి చూపే మన ప్రదర్శకులే కొందరు ఈ తొందర పడతారు. మంత్రంతో మంట పుట్టించడమే చూడండి. మెత్తగా నూరిన పొటాషియం పర్మాంగనేట్ చెంచాడు, నడుమ చిన్న గుంట, అందులో నాలుగైదు చుక్కల గ్లిజరిన్. కాసేపటికి పొగ, ఆ వెంటనే ఊదారంగు మంట. గింజలు నలగకపోయినా, గ్లిజరిన్ చలికి చిక్కబడినా, అందులో నీళ్లు కలిసినా ఆలస్యమవుతుంది. ఏమైందోనని వంగి చూస్తే కనుబొమలు కాలతాయి. దీనితో తేలేది ఒక్కటే, ఆ మంటకు మంత్రం అక్కర్లేదని. దేవుడి సంగతి దీనితో తేలదు. తేలిందని చెబితే జనం ఆ ఒక్కటి కూడా నమ్మరు.

అపోహ: నేత్రదానం, దేహదానం చేస్తే కర్మకాండ కుదరదు.

వాస్తవం: నేత్రదానానికి పట్టేది పావుగంట, ఇరవై నిమిషాలు. ముఖం చెడదు, దహనమైనా ఖననమైనా మామూలే. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీయాలి. కళ్లు తీసేవాళ్లు వచ్చేలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచాలి. శుక్లాల ఆపరేషను అయినవాళ్లవీ పనికొస్తాయి. దేహదానం వేరు: శరీరం బరంపురం ఎం.కె.సి.జి. లాంటి వైద్య కళాశాలకు వెళ్తుంది, పోస్టుమార్టం జరిగితే తీసుకోరు. బతికుండగా సంతకం చేసినా చివరికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. అందుకే ఆ కాగితం మీద కొడుకూ కూతురూ ఇద్దరి చేతా సంతకం పెట్టించాలి. దశదినకర్మ వాళ్లిష్టం.