మీగడ తెలుపా, దంతం తెలుపా?

గుంటూరు బ్రాడీపేటలో మా హాలుకి రంగు వేయిద్దామని షేడ్ కార్డు ముందేసుకుని కూర్చుంటే, వడపోతలు అయ్యాక రెండు మిగిలాయి. ఒకటి మీగడ రంగు, ఇంకోటి దంతం రంగు. "రెండూ ఒకటేనండీ, ఏదేసినా తెలీదు" అన్నాడు పెయింటర్. కొట్లో ట్యూబ్‌లైటు కింద నాకూ అలాగే ఉంది. అయినా మనసాగక రెండు చిన్న డబ్బాలు తెచ్చి గోడమీద పక్కపక్కనే చదరాలు వేయించాను.

పెయింటర్ మాట పూర్తిగా తప్పేం కాదు. రెండింట్లోనూ తెల్లదనమిచ్చేది టైటానియం డయాక్సైడ్ పొడే. కొట్లో మెషిన్ ఒకదాంట్లో పసుపు కాస్త ఎక్కువ, ఇంకోదాంట్లో ఎరుపు కాస్త ఎక్కువ చుక్కలు వేస్తుంది, అంతే తేడా. కాకపోతే ఆ చుక్క ముదురు రంగులో అయితే కలిసిపోయేది, ఇక్కడ తెల్ల పంచెమీద పచ్చడి మరకలా పట్టిచ్చేస్తుంది.

గోడకి సొంత వెలుగు లేదు కదా, మీద పడ్డదాంట్లో కొంత మింగి మిగతాది మన కంటికి పంపుతుంది. మా కిటికీకి రెండు బారల దూరంలో పక్కింటి నారింజ గోడ. సాయంత్రం నాలుగింటికి దానిమీద ఎండ పడితే, అది నీలాన్ని మింగేసి నారింజ వెలుగుని మా హాల్లోకి తోస్తుంది, అప్పుడు దంతం రంగు అచ్చం గులాబీ. రాత్రి 6500 కెల్విన్ (కాస్త నీలిఛాయ ఉన్న తెల్ల వెలుగు) ఎల్ఈడీ వేస్తే అదే చదరం బూడిద తిరిగింది, ఎందుకంటే ఆ బల్బు తన నీలి వెలుగులో కొంతని ఫాస్ఫర్ అనే పూతతో పసుపుగా మార్చి, రెండూ కలిపి తెలుపు అనిపిస్తుంది గానీ అందులో ఎరుపు తక్కువ. ఒక వెలుగులో కవలల్లా ఉన్న రంగులు ఇంకో వెలుగులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు.

నేను చేసిన పొరపాటు ఇంకోటుంది, పాత లేతనీలం గోడమీదే చదరాలు వేయించడం. నీలం పక్కన ఏ తెలుపైనా ఉన్నదానికంటే పసుపుగా కనిపిస్తుంది. పక్కనున్న రంగు కంటిని ఇలా ఏమారుస్తుందని ఫ్రెంచ్ రసాయనవేత్త షెవ్రూల్ 1839లోనే పుస్తకం రాశాడు. తెల్ల చార్టు మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరనిచ్చి (తడి ఎమల్షన్ పాలలా తెల్లగా ఉండి ఆరాక కాస్త ముదురుతుంది), గోడగోడకీ మార్చి చూసుకోవాల్సింది.

చివరికి మీగడే వేయించాం. దంతం డబ్బా అటకమీదే ఉంచాను, పక్కింటాయన గోడకి రంగు మారుస్తానంటున్నారు.