పొలంలో పాడే గొంతు మైకు ముందు ఎందుకు ఆగుతుంది?

మిర్యాలగూడ వైపు ఆయకట్టులో మా పొలంలో నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకునేది ఒక పెద్దమ్మ. నారుకట్ట విప్పుతూ, బురదలో ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ ఆమె ఒక చరణం అంటే ఇరవైమంది అందుకుంటారు. అదే పెద్దమ్మను ఊళ్లో సభ రోజున స్టేజీ మీదికి పిలిస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "నాకేమొస్తది బిడ్డా, ఆ పోరగాళ్లను పాడుమను" అంది. ఆ పోరగాళ్లలో సగంమందికి శ్రుతి నిలవదు. అయినా మైకు కోసం పోటీ పడ్డారు.

ఆమెది సిగ్గు అని తేల్చేయవచ్చు. కానీ పాట రావడం ఒకటి, 'నలుగురి ముందు పాడగలను' అనే నమ్మకం మరొకటి. ఈ నమ్మకం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక సిద్ధాంతం రాశాడు. అది నాలుగింటి నుంచి పుడుతుందన్నాడు. ఆ పని ముందు ఒకసారి చేసి నెగ్గి ఉండాలి. మనలాంటివాళ్లు చేస్తుంటే చూసి ఉండాలి. పక్కవాళ్లు చెయ్యమని అనాలి. గుండె దడదడలాడినా దాన్ని ఓటమిగా లెక్కపెట్టకూడదు. పెద్దమ్మకు పొలంలో ఈ నాలుగూ ఉన్నాయి. స్టేజీ మీద ఒక్కటీ లేదు. స్టేజీ టెన్షన్ ఆడవాళ్లలోనే ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. మగవాళ్లు ఉన్న భయాన్ని తక్కువ చేసి చెబుతారేమోనని నాకో అనుమానం.

'మనలాంటివాళ్లు' అన్నచోట ఇంకొంచెం ఆగాలి. 12 మెట్ల కిన్నెరతో నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. బుర్రవీణతో నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. ఇద్దరూ ఆ గౌరవానికి తగినవాళ్లే. కానీ కిన్నెర పట్టాలనుకునే పాలమూరు పిల్ల ఎవర్ని చూసి పట్టాలి? ఒగ్గుకథ డోలైనా, డప్పైనా ఎక్కువగా మగవాళ్ల చేతుల్లోనే కనిపిస్తాయి. అమెరికాలోనూ అంతే: డ్రమ్స్, ట్రంపెట్ మగపిల్లలకని, ఫ్లూటు, వయొలిన్ ఆడపిల్లలకని జనం ముందే పంచేసుకున్నారని 1978లో ఏబెల్స్, పోర్టర్ అనే పరిశోధకులు చూపించారు.

డార్విన్ 1871లోనే పాటను జత వెతుక్కోవడంతో ముడిపెట్టాడు. పాట మగపక్షిదే అన్న అభిప్రాయం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. 2014లో లెక్క చూస్తే, పరిశీలించిన పాటల పక్షి జాతుల్లో 71 శాతంలో ఆడపక్షీ పాడుతోంది. అన్నాళ్లూ వినబడలేదంటే లోపం చెవులదే!

తలుపు తెరుచుకుంటే ఏమవుతుందో అమెరికా ఆర్కెస్ట్రాలను చూస్తే కొంత తెలుస్తుంది. అయిదు పెద్ద ఆర్కెస్ట్రాల్లో 1970లో స్త్రీలు 5 శాతంలోపే. 1990ల చివరికి సుమారు 25 శాతం. ఆ మధ్యలో ఆడిషన్లకు, వాయించేది ఎవరో కనబడకుండా, తెర కట్టడం పెరిగింది; చెప్పుల మడమల చప్పుడు వినబడకుండా కొన్నిచోట్ల కార్పెట్ కూడా పరిచారు. ఈ మార్పును గోల్డిన్, రౌస్ అనే ఆర్థికవేత్తలు 2000లో లెక్కగట్టారు. తెర వాటా ఎంతన్నదానిపై తర్వాత వాదనలు నడిచాయి, నడవాలి కూడా.

'పేరు తెచ్చుకోవాలని ఉందా?' అని అడిగితే మా పెద్దమ్మ లేదనే అంటుంది. పోయిన సద్దుల బతుకమ్మకు ఒక కుర్రాడు ఆమె పక్కనే మైకు పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఆమె పాట ఆపలేదు. మర్నాడు మాత్రం "నా గొంతు చెరువు అవతలిదాకా ఇనబడ్డదంట గదా?" అని నన్ను రెండుసార్లు అడిగింది.