"ఇంకో రెండు కిలోలు కట్టండి సార్": స్కూబా నేర్పే సామగ్రిపై అపోహలు - వాస్తవాలు

రుషికొండలో గానీ, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో గానీ, స్కూబా డైవింగ్ (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి కింద ఈదడం) నేర్పడానికి కొత్తవాళ్లను దించే పడవల మీద తరచూ వినిపించే మాట ఒకటుంది: "సార్, నేను మునగట్లేదు, ఇంకో రెండు కిలోలు కట్టండి." వెనక మరో నలుగురు ఎదురుచూస్తున్నారన్న తొందరలో నేర్పేవాళ్లు నడుముకు మరో రెండు కిలోల సీసం కట్టేస్తారు. మనిషి మునుగుతాడు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ తర్వాత ఆ కోర్సులో వచ్చే అవస్థల్లో చాలావాటికి మూలం ఆ రెండు కిలోల సీసమే. అందుకే ముందు దాని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చూద్దాం.

అపోహ: కొత్తవాళ్లకు బరువు కాస్త ఎక్కువుంటేనే భద్రం

ఇంతకన్నా నష్టం చేసే నమ్మకం ఈ వృత్తిలో మరొకటి లేదు. ఎక్కువైన ప్రతి కిలో సీసానికీ బీసీడీలో (గాలి నింపి, వదిలి తేలుడు సర్దుకునే జాకెట్) ఒక లీటరు గాలి అదనంగా నింపాలి. లేకపోతే మనిషి అడుగుకు జారిపోతాడు. ఆ గాలి లోతును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

లెక్క వేసి చూడండి. సరైన బరువు కట్టుకున్న వ్యక్తి బీసీడీలో 10 మీటర్ల లోతున 3 లీటర్ల గాలి ఉందనుకుందాం. నాలుగు కిలోలు ఎక్కువ కట్టుకున్నవాడికి అదే లోతున 7 లీటర్లు కావాలి. ఇద్దరూ పొరపాటున 5 మీటర్ల దాకా లేచారు. అక్కడ పీడనం 2 బార్ నుంచి 1.5 బార్‌కు తగ్గుతుంది. మొదటివాడి 3 లీటర్లు 4 అవుతాయి, అంటే ఒక కిలో పైకి లాగుతుంది. ఒక నిండు శ్వాస వదిలితే సర్దుకుంటుంది. రెండోవాడి 7 లీటర్లు 9 దాటుతాయి. రెండు కిలోలకు పైగా లాగే ఆ గాలిని శ్వాసతో ఆపలేం. ఆ గాలిని వదిలే డంప్ వాల్వ్ ఎక్కడుందో తడుముకునే లోపే మనిషి పైకి తన్నుకొస్తాడు. ఆ కంగారులో ఊపిరి బిగపడితే ఊపిరితిత్తులకే ప్రమాదం. బరువెక్కువైతే మునుగుతారన్న భయమే అందరికీ ఉంటుంది, నిజానికి కొత్తవాళ్లను అదుపు లేకుండా పైకి తోసేది కూడా ఆ బరువే.

పైకి రానప్పుడు కూడా శిక్ష తప్పదు. నడుముకు సీసం, ఛాతీ దగ్గర గాలి. కాళ్లు కిందికి, తల పైకి, మనిషి ఏటవాలుగా వేలాడతాడు. ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) తన్నినప్పుడల్లా ముందుకు పోయే బదులు పైకి లేస్తాడు, ఆపగానే కిందికి జారతాడు. ఇసుక రేగి వెనకున్నవాళ్లకు ఏమీ కనబడదు. గాలి వేగంగా అయిపోతుంది. అప్పుడు "నాకు ఊపిరి ఎక్కువ పడుతుంది, నేను దీనికి పనికిరాను" అని వాళ్లు అనుకోవడం చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు లోపం వాళ్లది కాదు, బెల్టుది.

మరి మునగకపోవడానికి కారణం?

నీటి మీద ఉన్న కొత్త విద్యార్థిని దగ్గరగా గమనించండి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. ఛాతీ నిండా గాలి బిగబట్టి ఉంటుంది. మామూలు శ్వాసకూ నిండుగా బిగబట్టిన శ్వాసకూ తేడా రెండు మూడు లీటర్లుంటుంది. అంటే రెండు మూడు కిలోల తేలుడు. ఆయన అడిగిన "ఇంకో రెండు కిలోలు" ఎక్కడినుంచి వచ్చాయో అర్థమైంది కదా! నీళ్ల కింద కాళ్లు ఆగకుండా తన్నుతుంటాయి, తనకు తెలియకుండానే. చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. బీసీడీలోకి గాలి నింపే, వదిలే ఇన్‌ఫ్లేటర్ గొట్టం పూర్తిగా పైకి ఎత్తకుండా బటన్ నొక్కుతాడు కాబట్టి బీసీడీలో గాలి అలాగే ఉండిపోతుంది. పొడిగా వేసుకున్న వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్) మడతల్లో ఇంకాస్త గాలి. వీటిలో ఏ ఒక్కదానికీ సీసం మందు కాదు. రెండు నిమిషాల్లో మనిషి కుదుటపడి శ్వాస మామూలైతే ఆ సీసం గోరుచుట్టుపై రోకటిపోటు అవుతుంది.

భయపడి ఊపిరి బిగబట్టడం తప్పేమీ కాదు, శరీరం చేసే పనే అది. దానికి మందు సమయం. తాడు పట్టుకుని పది శ్వాసలు, ఒక్కో శ్వాస నెమ్మదిగా, పూర్తిగా వదిలేలా చేయించండి. ఆ తర్వాతే బరువు తూచాలి.

అపోహ: శరీర బరువులో పదో వంతు కడితే సరి

ఈ సూత్రం ఎవరు మొదలుపెట్టారో గానీ చల్లటి నీళ్లలో మందపాటి సూట్లు వేసుకునేవాళ్ల లెక్కను తెచ్చి మన వెచ్చటి సముద్రానికి అంటగట్టారు. 80 కిలోల మనిషికి 8 కిలోలు కట్టి దించడం కొరివితో తల గోక్కోవడమే. కండ మునుగుతుంది, కొవ్వు తేలుతుంది. కాబట్టి ఇద్దరు 80 కిలోల మనుషులకు రెండు మూడు కిలోల తేడా మామూలు. 3 మి.మీ. ఫుల్ సూట్, 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్, ఉప్పునీరు అయితే చాలామందికి 4-6 కిలోలు సరిపోతాయి. అది మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు జవాబు నీళ్లలోనే దొరుకుతుంది:

1. సూట్ మెడ దగ్గర లాగి నీళ్లు పట్టించండి, గాలి బయటికి పోవాలి.
2. కాళ్లు అందని చోట, సామగ్రి అంతా వేసుకుని, రెగ్యులేటర్ (సిలిండర్ గాలి నోటికి అందించే పరికరం) నోట్లో పెట్టుకుని నిలువుగా ఉండాలి. మడమల దగ్గర కాళ్లు పెనవేయించండి. చేతులు కట్టుకోమనండి. తన్నడం, నొక్కడం రెండూ ఆగిపోతాయి.
3. ఎడమ భుజం కాస్త ఎత్తి, ఇన్‌ఫ్లేటర్ గొట్టం నిటారుగా పట్టి బీసీడీ పూర్తిగా ఖాళీ చేయండి.
4. మామూలు శ్వాస పట్టి ఉంచితే నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి. శ్వాస వదిలితే తల మెల్లగా మునగాలి. రాయిలా పడిపోతే ఎక్కువైనట్టు.
5. చాలకపోతే ఒక్కో కిలో, వీలైతే అర కిలో చొప్పున కలపండి. రెండేసి కాదు.

నిండు సిలిండర్‌తో చూస్తే చివరికి రెండు కిలోలు కలపాలి. సిలిండర్ పీడనం 200 బార్ నుంచి 50 బార్‌కు వచ్చేసరికి దాదాపు రెండు కిలోల గాలి ఖర్చవుతుంది, ఆ మేరకు మనిషి తేలికవుతాడు. అందుకే అసలైన పరీక్ష డైవ్ చివర్లో: 50 బార్ దగ్గర, 5 మీటర్ల లోతున, బీసీడీ దాదాపు ఖాళీగా ఉంచి మూడు నిమిషాలు కదలకుండా నిలవగలిగితే అదే ఆ మనిషి బరువు. నేర్పేవాళ్లు జేబులో ఒకటి రెండు కిలోలు అదనంగా పెట్టుకోండి. చివర్లో ఎవరైనా తేలుతుంటే అందించవచ్చు. ఆ భయంతో ముందే అందరికీ కట్టనక్కర్లేదు.

హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్ పాఠాలు పూర్తి చేసుకుని సముద్రానికి వచ్చేవాళ్లు చాలామంది. పూల్‌లో సరిపోయిన బరువు ఇక్కడ సరిపోదు. ఉప్పునీటి సాంద్రత రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి మనిషి, సామగ్రి కలిపి 100 కిలోలైతే రెండున్నర కిలోలు కలపాలి. సముద్రం కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. వర్షాలయ్యాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు కలిసిన తక్కువ ఉప్పు నీరు మన తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. అప్పుడు విశాఖలో దిగితే, ఏప్రిల్‌లో సరిపోయిన బరువు కొద్దిగా ఎక్కువనిపించవచ్చు. ప్రతి కొత్త చోటా, ప్రతి కొత్త సూట్‌కీ మళ్లీ తూచండి.

సీసం అంతా నడుముకే కట్టకండి. 6 కిలోలైతే నాలుగు బెల్టుకు, రెండు సిలిండర్ పట్టీకి పైభాగంలో పెడితే కాళ్లు వాటంతటవే లేస్తాయి. బెల్టు కొస ఒక జానెడు వదిలి, కుడిచేత్తో ఒక్క లాగుకు ఊడేలా ఉంచండి, కొస లోపలికి దోపకండి. బెల్టా, బీసీడీ జేబులా అన్నది మీ ఇష్టం. కానీ ఒక తరగతిలో అందరికీ ఒకే రకం పెట్టండి. ఆపదలో నేర్పేవాడి చెయ్యి వెతుక్కోకుండా అక్కడికే పోవాలి.

అపోహ: బీసీడీ కాస్త వదులుగా ఉంటే సౌకర్యం

వదులైతే నీటి మీద గాలి నింపగానే జాకెట్ చెవుల దాకా లేస్తుంది, మనిషి అందులోంచి కిందికి జారుతుంటాడు. భయపడేవాళ్లకు ఇంతకన్నా నరకం లేదు. ఒడ్డునే పూర్తిగా గాలి నింపి చూడండి: ఊపిరి తీసుకోవడానికి అడ్డుపడకూడదు, భుజాల దగ్గర రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. సన్నగా ఉన్న అమ్మాయిలకు ఎక్స్‌ఎస్ లేదని ఎం సైజు తొడిగే అలవాటు మానాలి. వింగ్ (గాలి సంచి వీపు వెనకే ఉండే బీసీడీ) వేసుకుంటే ముఖం నీళ్లలోకి తోస్తుందన్న భయం కూడా ఎక్కువగా అతిగా గాలి నింపడం, సీసం అంతా ముందు పెట్టడం వల్ల వచ్చిందే. నా సలహా జాకెటే. దాని గొప్పతనం వల్ల కాదు, ఆ విద్యార్థికి రేపు ఎక్కడైనా అద్దెకు దొరికేది అదే.

అపోహ: సిలిండర్ వాల్వ్ పూర్తిగా తిప్పి పావు వంతు వెనక్కి తిప్పాలి

పూర్తిగా తెరవండి, అక్కడే వదిలేయండి. పావు వంతు అలవాటున్నచోట ఎవరో ఒకరు పొరపాటున మూసి, పావు వంతు మాత్రమే తెరిచి పెడతారు. పడవ మీద గాలి బాగానే వస్తుంది. లోతుకు వెళ్లాక గాలి చిక్కనవుతుంది, ఆ సందు చాలదు. సిలిండర్ పీడనం చూపే గేజ్ చూస్తూ నాలుగు నిండు శ్వాసలు తీయించండి: పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే వాల్వ్ సరిగా తెరవలేదన్నమాట. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు.

ఆక్టోపస్, అంటే గాలి అయిపోయిన తోడువాళ్లకు ఇచ్చే అదనపు రెగ్యులేటర్, పసుపు రంగుది, మీటరు గొట్టంతో, గడ్డానికీ పక్కటెముకల కిందికీ మధ్య, చూడకుండా అందేలా తగిలించాలి. వెనక వేలాడుతూ ఇసుకలో ఈడ్చుకుపోయే ఆక్టోపస్ అవసరానికి ఇసుకే ఇస్తుంది.

మిగతావి, క్లుప్తంగా

"ఆక్సిజన్ సిలిండర్" అనడం ఇకనైనా మానుకుందాం. అందులో ఉండేది మనం పీల్చే గాలే, 21 శాతం ఆక్సిజన్. స్వచ్ఛమైన ఆక్సిజన్ 6 మీటర్లు దాటితే విషం.

ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చన్నది 12 మీటర్ల లోపు, పక్కనే ఉండి తీసుకెళ్లే పరిచయ డైవ్ వరకే నిజం. 18 మీటర్ల సర్టిఫికెట్ కావాలంటే 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి చూపించాలి.

లోతు, సమయం లెక్కగట్టి ఎంతసేపు ఉండొచ్చో చెప్పే డైవ్ కంప్యూటర్ ఇద్దరికి ఒకటి సరిపోదు. ఇద్దరూ ఒకే లోతులో ఉండరు.

పొడవాటి గట్టి ఫిన్స్ కొత్తవాళ్ల పిక్కలు పట్టేయడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

మాస్క్ కారుతుంటే పట్టీ బిగిస్తారు. బిగించేకొద్దీ సిలికోన్ అంచు ముడతపడి ఇంకా కారుతుంది. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చండి, నిలబడితే సరైనది. అయినా కారితే మాస్క్ అంచు కింద చిక్కిన వెంట్రుకలు చూడండి. మన మగవాళ్ల విషయంలో చాలాసార్లు కారణం మీసమే. తీసేయనక్కర్లేదు: ముక్కు కిందే సన్నటి గీత వెడల్పున గొరిగితే అంచు చర్మానికి ఆనుతుంది. గీయడానికి ఒప్పుకోనివాళ్లకు ఆ చోట కొద్దిగా సిలికోన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు.

డైవ్ అయ్యాక ప్రతి విద్యార్థి లాగ్‌బుక్‌లో లోతు, నిమిషాలతో పాటు ఈ వరుస కూడా రాయించండి: ఎన్ని కిలోలు, ఎక్కడెక్కడ పెట్టాం, సూట్ మందం, సిలిండర్ అల్యూమినియమా స్టీలా, నీరు ఉప్పా మంచినీళ్లా, చివర్లో ఎలా తేలాడు. ఆరు నెలల తర్వాత వేరే ఊళ్లో, వేరే పడవ మీద ఎవరైనా "ఎన్ని కిలోలు కట్టమంటారు?" అని అడిగితే, ఆ పేజీ తెరిచి చూపిస్తారు.