దండెం మీద ఓడలు

కృష్ణలంక, విజయవాడ

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఆదివారం ఐర్లండ్‌లోని కార్క్ నుంచి మీ అక్క వీడియో కాల్‌లో చూపించిన ఓడలు గుర్తున్నాయి కదా. బూడిద రంగువి, అవతలి గట్టున తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న వేలమందిని పైకి లాగింది ఈ ఐర్లండ్ నేవీయే తాతయ్యా అని అది గొప్పగా చెబుతుంటే, చిన్నీ మధ్యలో అడ్డం పడింది. "మరి ఇక్కడ ఊరికే కట్టేశారేం? మళ్ళీ వెళ్ళి ఇంకొంతమందిని లాగొచ్చుగా?"

మీ నాన్న నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. పెద్దవాళ్ళు కూడా పెద్ద పెద్ద సభల్లో అడిగిన ప్రశ్నే అది. ఫోన్‌లో చెబుదామంటే మీరు "ఊఁ ఊఁ" అంటూ పక్కన వీడియోలు చూసుకుంటారు. అందుకే నోటుబుక్కులోంచి కాగితాలు చింపి రాస్తున్నాను. చదివాక బుజ్జికి అర్థం కానివి చిన్నీ చెప్పాలి.

ముందు ఆ దేశం సంగతి. 2015లో ఐర్లండ్ జనమంతా కలిపినా మన పాత ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభాకు కాస్త అటూ ఇటూ. సముద్రం మాత్రం వాళ్ళ నేలకు ఎన్నో రెట్లు ఉంది. దాన్ని కాయడానికి అప్పట్లో 8 ఓడలు. యుద్ధాలు చేసే ఓడలేం కావు. దొంగతనంగా చేపలు పట్టే ట్రాలర్లను ఆపడం, మత్తుమందు తెచ్చే పడవలను పట్టుకోవడం, తుఫానులో తప్పిపోయిన జాలర్లను వెతకడం, ఇవీ వాటి పనులు.

ఇప్పుడు మీ బీరువా తెరవండి. స్కూలు యూనిఫాం ఎన్ని జతలు? మూడు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి ఇస్త్రీ బండి దగ్గర. మూడు చొక్కాలున్నా బడికి వెళ్ళేది ఒక్క చొక్కానే.

ఓడల లెక్క కూడా ఇంతే. ఒకటి సముద్రంలో తిరుగుతుంటుంది. ఒకటి డాక్‌లో ఇంజన్ విప్పించుకుని, ఉప్పునీళ్ళు తిన్న ఇనుము గీకించుకుని రంగు వేయించుకుంటుంటుంది. మూడోదాని మనుషులు సెలవుల నుంచి వచ్చి, తర్ఫీదు పొంది, సరుకులు ఎక్కించుకుని బయల్దేరడానికి తయారవుతుంటారు. అందుకని 8 ఓడలంటే ఎప్పుడూ ఎనిమిదీ నీళ్ళ మీద ఉంటాయనుకోకూడదు. గట్టుకు కట్టేసి ఉన్న ఓడ దండెం మీది చొక్కా లాంటిది. ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఆరుతోంది.

ఇంతలో పక్క వీధి వాళ్ళొచ్చి, మా పిల్లాడికి ఒక చొక్కా కావాలి, రెండు నెలలు వాడుకుని ఇస్తాం అన్నారనుకోండి. ఇచ్చేది ఒకటే కదా అనిపిస్తుంది. కానీ అది మాసిపోతే దాని బదులు ఇంకోటి పంపాలి. తిరిగొచ్చింది నానబెట్టాలి. ఒక చొక్కా అరువిచ్చిన ఇంట్లో మూడు చొక్కాలూ ఆ పని మీదే ఉంటాయి.

2015లో జరిగింది అదే. ఎందుకు జరిగిందో కొంచెమే చెబుతాను. లిబియాలో ప్రభుత్వం కూలిపోయింది, సిరియాలో యుద్ధం. ఆఫ్రికా నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు దళారులకు డబ్బు కట్టి, లిబియా ఒడ్డున పాత పడవలెక్కి ఇటలీ వైపు బయల్దేరేవాళ్ళు. 2013 అక్టోబరులో ఇటలీ వాళ్ళ లాంపెడూసా దీవి దగ్గర ఒక పడవ మునిగి 360 మందికి పైగా పోయారు. అప్పుడు ఇటలీ తన నేవీని దింపి ఏడాదిపాటు లక్షకు పైగా జనాన్ని కాపాడింది. ఖర్చు మోయలేక, తోడు ఎవరూ రాక, ఆపేసింది. తర్వాతి వసంతంలో, 2015 ఏప్రిల్ 18 రాత్రి, సాయానికి వచ్చిన ఒక సరుకుల ఓడకు గుద్దుకుని ఇంకో పడవ బోల్తాపడింది. దాదాపు 800 మంది పోయారు. దాంతో యూరప్ దేశాలు ఒక్కొక్కటీ ఓడలు పంపుతామన్నాయి. పాత గుంటూరు జిల్లా అంత ఐర్లండ్ కూడా పంపుతానంది.

మే నెలలో మొదట వెళ్ళింది ఎత్నా. 80 మీటర్ల ఓడ, అప్పటికే ముప్పై ఏళ్ళు దాటింది. అక్కడికి చేరడానికే వారం. అది తిరిగొచ్చే వేళకి నియామ్, దాని తర్వాత ఇంకొకటి. నియామ్ అని రాస్తారు గానీ పలకడం 'నీవ్' అట. మీ అక్క చెబితే నమ్మలేదు నేను. వాళ్ళ పురాణ కథల్లో సముద్రం అవతలి లోకం నుంచి వచ్చిన రాకుమారి పేరట అది. మునిగేవాడికి చెయ్యి అందించే ఓడకి నీవ్ అని పేరు! తెలుగువాడెవడో పెట్టినట్టుంది.

ఆ మూడు ఓడలూ వంతులవారీగా ఆ ఒక్క ఏడాదిలో 8 వేలమందికి పైగా పైకి లాగాయి. 2017 దాకా లెక్కేస్తే 17 వేలు దాటారు. ఒక్కో ఓడలో సిబ్బంది యాభై అరవై మంది ఉంటారేమో. అలాంటి డెక్కు మీద ఒక్కోసారి వందలమంది. తడిబట్టలతో, పడవలో పారిన పెట్రోలు ఉప్పునీళ్ళతో కలిసి ఒళ్ళు కాలిపోయినవాళ్ళు. యాభై మందికి వండే వంటగదిలోంచే వాళ్ళందరికీ అన్నం రావాలి. మీ అమ్మ సంక్రాంతికి ఇరవై మంది వస్తేనే ఎలా అయిపోతుందో చూశారుగా.

చొక్కాల దగ్గరికి వద్దాం. నాకు మూడు జతలు లేవు, రెండే. తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు. 1977లో ఎనిమిదో తరగతి. నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చేసింది. ఊళ్ళకి ఊళ్ళు పోయాయి, వేలమంది పోయారు. బెజవాడలో మైకు కట్టిన రిక్షాలు వీధి వీధికీ తిరిగి బియ్యం, బట్టలు అడిగేవి. మా వీధిలోకి రిక్షా వచ్చిన రోజు మా అమ్మ ఇల్లంతా వెతికింది. ఇవ్వదగ్గ బట్ట ఒక్కటీ దొరకలేదు, అన్నీ చిరుగులే. దండెం మీద నా రెండో చొక్కా ఆరుతోంది. ఇంకా పూర్తిగా ఆరలేదు కూడా. తీసి, మడతపెట్టి, మూటలో వేసేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

నేను ఏడ్చాను. దివిసీమ పిల్లల కోసం కాదు, చొక్కా కోసం. నిజమే చెబుతున్నా.

ఆ రోజు నుంచి సంక్రాంతి దాకా నాకు ఒకటే చొక్కా. బడి నుంచి రాగానే అమ్మ దాన్ని విప్పించి ఉతికేది. మార్గశిరంలో కృష్ణ ఒడ్డున మంచు ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెల్లారేసరికి కాలరు, చంకల దగ్గర తడి తడిగానే ఉండేది. అప్పుడు ఇత్తడి చెంబులో కుంపటి నిప్పులు పోసి, చెంబు అడుగుతో అద్దేది. తడి ఆవిరై లేచేది, కాలిన గంజి వాసన. ఒక రోజు తొందరలో చెంబు కుడి చేతి మడత మీద కాసేపు నిలిచిపోయింది. గోధుమరంగు చంద్రవంక ఒకటి పడింది. ఆ చంద్రవంకతోనే సంక్రాంతి దాకా వెళ్ళాను. డ్రిల్లు మాస్టారు రెండుసార్లు బయట నిలబెట్టారు. చేసిన సాయం ఎక్కడికి పోతుందో గానీ దాని ఖర్చు మాత్రం ఇంట్లోనే, ఏదో ఒక చొక్కా చేతి మీద, కనిపిస్తుంది.

ఐర్లండ్‌లో అదెక్కడ కనిపించిందో చెబుతాను. అంతకంటే ముందు ఒక ఉదయం సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరిద్దరూ దాన్ని నాకంటే బాగా అర్థం చేసుకుంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి రబ్బరు పడవ వచ్చింది. పడవ మెట్ల దగ్గరికి రాకముందే జనం ముందుకు తోసుకొచ్చారు. అప్పుడు నారింజ జాకెట్ వేసుకున్నాయన "కూర్చోండి! ఎవరూ లేవొద్దు! ఒక్కొక్కరే!" అని గట్టిగా అరిచాడు. బుజ్జి దడుచుకుని ఏడ్చాడు. కాపాడటానికొచ్చి తిడతాడేంటి అని నన్ను వారంపాటు అడిగాడు.

బుజ్జీ, దానికి జవాబు ఇది. 2015 ఆగస్టు 5న లిబియా తీరానికి అవతల ఒక చెక్క పడవ. ఆరు వందలమంది దాకా ఎక్కించారని బతికినవాళ్ళు చెప్పారు. కొందరు కింద అరలో, బయటికి రాలేని చోట. నీవ్ ఓడ నేరుగా పక్కకు పోదు. ముందు రెండు చిన్న పడవలు దింపుతుంది. అందులోవాళ్ళు మొదట ఎవరినీ ఎక్కించుకోరు. లైఫ్ జాకెట్లు పంచుతారు, కూర్చోమని చేతులతో చెబుతారు. ఆ రోజు ఆ చిన్న పడవలు దగ్గరపడుతుండగానే చెక్క పడవ ఒక పక్కకు ఒరిగి తిరగబడింది. 367 మందిని నీళ్ళలోంచి లాగారు. 25 మంది శవాలు దొరికాయి. మిగతావాళ్ళు సముద్రంలోనే. బతికినవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఒకే ఓడలో ఇటలీలోని పలెర్మో రేవుకు తెచ్చారు.

సాయం కనిపించిన క్షణమే ప్రమాదం, అందరూ ఒక్కసారిగా ఆ పక్కకే తోసుకొస్తారు. అందుకే ఆయన అరిచాడు.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. బకెట్‌లో నీళ్ళు పోసి అన్నం తినే స్టీలు గిన్నె తేలించండి. అందులో ఇరవై గోలీలు వేసి సమంగా పరిచినంతసేపూ తేలుతుంది. ఇప్పుడు వేలితో గోలీలన్నీ ఒక పక్కకు తోయండి. బరువు పెరగలేదు, నీళ్ళు పెరగలేదు. ఏమవుతుందో చూడండి. తర్వాత బాత్‌రూమ్ తుడిచెయ్యండి, లేకపోతే మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఇక చంద్రవంక. ఐర్లండ్ నేవీలో 1,094 మంది ఉండాలని లెక్క. తర్వాతి ఏళ్ళలో అది 800 కంటే కిందికి పోయింది. మధ్యధరాకి వెళ్ళడం వల్లే అనడం అబద్ధమవుతుంది. వెళ్ళొచ్చినవాళ్ళు దాన్ని గర్వంగానే చెప్పుకున్నారు. జీతాలు తక్కువ, నెలల తరబడి ఇంటికి దూరం, బయట అదే చదువుకు రెట్టింపు జీతం ఇచ్చే కంపెనీలు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2019లో నడిపే మనుషులు లేక రెండు ఓడలను గట్టుకు కట్టేశారు. అందులో ఒకటి ఎత్నా. మొదట వెళ్ళిన ఎత్నా. 2022 జూలైలో దాన్ని, ఇంకో రెంటిని పూర్తిగా విధుల నుంచి తప్పించారు. 2023లో మరో రెంటిని పక్కన పెట్టారు. వాటిలో నీవ్ ఉంది.

ఇక్కడ నా చొక్కాల లెక్క తప్పుతోందని చిన్నీ ఈపాటికి పట్టేసి ఉంటుంది. చొక్కాలున్నాయి, తొడుక్కునే ఒళ్ళే లేదు. ఒప్పుకుంటున్నా. అయినా ఆ పోలిక వదలబుద్ధి కావడం లేదు, ఎందుకంటే ఇంకొకటుంది. ఎత్నా బయల్దేరిన ఏడాదే ఐర్లండ్ తన పాత ఓడ ఈఫాను మాల్టాకు ఉత్తినే ఇచ్చేసింది. మాల్టా అంటే ఆ పడవలు మునిగే దారిలోనే ఉన్న చిన్న దీవి, దానికి ఐర్లండ్ కూడా పెద్ద దేశమే. అన్నకు పొట్టయిన చొక్కా తమ్ముడికి వచ్చినట్టు. బుజ్జీ, నీకు తెలుసుగా ఆ బాధ.

అలా మునిగేవాళ్ళని కాపాడితే ఇంకా ఎక్కువమంది పడవలెక్కుతారు అని వాదించినవాళ్ళూ ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. మెట్ల మీద నడుం లోతు నీళ్ళలో నిలబడినప్పుడు ఆ మాట మీకు ఎవరైనా చెప్పి ఉంటే మీరేమనేవారో మీరే ఆలోచించుకోండి. నేను చెప్పను.

కాబట్టి చిన్నీ, ఆ ఓడలు ఊరికే లేవు. కొన్ని ఆరుతున్నాయి, కొన్ని ఇస్త్రీకి వెళ్ళాయి, కొన్నిటికి మనుషుల కోసం ఎదురుచూపు. ఏది ఏదో గట్టు మీద నుంచి చూస్తే తెలీదు. వచ్చే ఆదివారం అక్కకు ఫోన్ చేసినప్పుడు మళ్ళీ ఆ గట్టుకే వెళ్ళి లెక్కపెట్టమనండి. మొన్నటికంటే ఒకటి తక్కువ వస్తే, దాని పేరేమిటో కనుక్కుని నాకు వెంటనే మెసేజ్ పెట్టండి.

మీ
తాతయ్య