పెట్టెమడిలో పై అంగుళం

బెంగళూరులో మన తెలుగువాళ్ల మిద్దెల మీద గోంగూర, తోటకూర, బెండ పెరుగుతున్న పెట్టెమడులు ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తాయి. చూస్తే ప్రాణం లేచొస్తుంది. మొలకలు రాని మడులూ తక్కువేం కాదు. పది రోజులైనా పచ్చదనం కనబడకపోతే పాత విత్తనాలు అంటగట్టారని అనుకుంటారు. ఒక్కోసారి అది నిజమే. కానీ చాలాసార్లు మంచి గింజే, మట్టిలో ఊపిరాడక చచ్చిపోతుంది.

గింజకు నీళ్లు కావాలని అందరికీ తెలుసు, గాలి సంగతే మరిచిపోతాం. నీరు తగలగానే ఎండు గింజ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చూసి మొలక ఖాయమనుకోకూడదు, చచ్చిన గింజ కూడా అలాగే ఉబ్బుతుంది. ప్రాణమున్న గింజలో ఆ తర్వాత ఎంజైములు పనిలోకి దిగి, దాచుకున్న పిండిని, నూనెను చక్కెరలుగా మారుస్తాయి. ఆ చక్కెర నుంచి శక్తి తీయాలంటే ఆక్సిజన్ కావాలి. అది గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి సందులన్నీ నీళ్లతో నిండిపోతే గింజ దగ్గరున్న కాస్త ఆక్సిజన్ అయిపోయి, కొత్తది అందక గింజ కుళ్లిపోతుంది. వరి గింజకైతే ఆక్సిజన్ లేని నీటిలోనూ మొలకెత్తే సత్తా ఉంది. బెండకూ చిక్కుడుకూ ఆ సత్తా లేదు. బెండ గింజల్ని రాత్రి నానబెట్టి పొద్దున విత్తడం మంచిదే, రెండు రోజులు నీళ్లలో వదిలేస్తేనే ప్రమాదం.

నీరు బాగా దిగాలని చాలామంది పెట్టె అడుగున గులకరాళ్లో, పెంకులో పరుస్తారు. దానివల్ల జరిగేది పూర్తిగా ఉల్టా. సన్నటి మట్టి సందులు నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి, రాళ్ల మధ్య ఖాళీలకు ఆ పట్టు ఉండదు. అందుకే పైనున్న మట్టి అడుగుభాగం నిండా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు. కావాలంటే బాగా తడిపిన స్పాంజిని ఒక జాలీ మీద పడుకోబెట్టి చూడండి. చుక్కలు ఆగాక దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ కారడం మొదలవుతుంది. అడుగున నిలిచే తడి పొర మందం దాదాపు మారదు, ఎత్తు పెరిగేకొద్దీ దాని పైన గాలి ఆడే భాగం పెరుగుతుంది. మడిని ఎత్తుగా కట్టడంలో ఉన్న లాభం అదే. రాళ్లు పరిస్తే ఆ ఎత్తును మనమే తగ్గించుకున్నట్టు. రంధ్రాల మీద జాలీ ముక్క వేసి, పైదాకా మట్టి మిశ్రమమే నింపాలి. మిద్దె మీదైతే బరువు కూడా చూసుకోవాలి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతున్న పెట్టెలో తడి ఎర్రమట్టి ఒక్కటే నింపితే 350 కిలోల పైన తూగవచ్చు. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపితే చాలా తేలికవుతుంది.

అడుగున నీరు ఎక్కువైతే పైన దానికి వ్యతిరేకం. గింజ ఉండేది పై అంగుళంలోనే. మార్చి ఎండకు ఆ పొర కొన్ని గంటల్లో ఆరిపోతుంది. వేరుమొన బయటికి రాకముందు గింజ ఆరినా చాలావరకు తట్టుకుంటుంది. మొన వచ్చాక ఆ శక్తి పోతుంది, అప్పుడు ఒక్క పూట ఎండినా చస్తుంది. అందుకే మొలకలు కనబడేదాకా పల్చగా ఎండుగడ్డి కప్పడం నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పనిగా తోస్తుంది.

గడ్డి ఇంకో మేలు కూడా చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో పెద్ద చినుకులతో వాన పడుతుంది. ఆ దెబ్బకు ఎర్రమట్టి ఉండలు చితికి, సన్నటి బంకమన్ను సందుల్ని మూసేస్తుంది. మర్నాటి ఎండకు పైన గట్టి పెచ్చు కడుతుంది. బీన్స్ మొలక ఆ పెచ్చును ఎలా ఛేదిస్తుందో దగ్గరగా కూర్చుని చూడాల్సిందే. ముందు మట్టిలో వెంట్రుకంత పగులు. తర్వాత అందులోంచి తలవంచిన కాడ మెడ బయటపడుతుంది. చీకట్లో, ఒత్తిడిలో ఉన్నంతసేపూ ఎథిలీన్ అనే వాయువు ఆ వంపును అలాగే ఉంచుతుంది. మెడే మట్టిని తోస్తుంది కాబట్టి లేత చిగురుకు దెబ్బ తగలదు. వెలుతురు సోకాక వంపు విప్పుకుని రెండు దళసరి బీజదళాల్ని పైకి లాగుతుంది.

మిల్లీమీటరు మందమున్న తోటకూర గింజకు అంత బలం ఎక్కడిది? వెలుతురు అందేదాకా దాని తిండి గింజలో ఉన్నదే. లోతుగా పడితే దారిలోనే అయిపోతుంది. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. తోటకూరను చల్లి, పైన పొడిమట్టి దులిపితే సరిపోతుంది. బెండకు అర అంగుళం పైన, చిక్కుడుకు అంగుళం.

కాలాన్నీ చూసుకోవాలి. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న ఊరు కాబట్టి డిసెంబరు రాత్రులు చల్లగా ఉంటాయి. అప్పుడు బెండ బద్ధకిస్తుంది, పాలకూర, క్యారెట్ బాగా వస్తాయి.

మొలకలు పైకి రాగానే గడ్డి తీసేయండి, ఆలస్యమైతే కాడలు సాగి పాలిపోతాయి. అప్పటినుంచి పొద్దున పూటే నీళ్లు పోయడం మేలు. రాత్రంతా తడిగా ఉండే ఒత్తు మొలకల్లో పిథియం వంటి సూక్ష్మజీవులు చేరి నారుకుళ్లు తెగులు తెస్తాయి, కాడలు మొదట్లో మెత్తబడి వాలిపోతాయి. ఒత్తుగా ఉన్నవాటిని పీకితే పక్కవాటి వేళ్లు కదులుతాయి కాబట్టి కత్తెరతో మొదట్లో కత్తిరించండి.