బిరడా జారిందా, తీగ సాగిందా?

డిసెంబరు వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. మైలాపూర్‌లో వీణలు బాగుచేసే నాలాంటివాళ్లకి మార్గళి సీజన్ అంటే కచేరీలు కావు, రాత్రి పదకొండు దాకా చెక్కపొట్టు. ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట: "మాస్టారూ, శృతి నిలవట్లేదు. ఈ చెక్క బిరడాలు పీకేసి గిటారు కీలు పెట్టేయండి."

బిరడా అంటే తీగని చుట్టి బిగించే చెక్క మేకు, గిటారు కీ అంటే అదే పని గేరుతో చేసే మర. పెట్టనని అనను. ముందు ఒక పెన్సిలు తెచ్చుకోండి అంటాను.

అపోహ: శృతి దిగిందంటే బిరడా జారినట్టే, గేరు పెడితే సరి.

రాత్రి శృతి చేశాక బిరడా మీంచి పక్కనున్న చెక్క మీదకి కలిసేలా సన్నటి గీత గీయండి. పొద్దున చూడండి. గీత తెగి పక్కకి జరిగితే బిరడా జారింది. గీత చెక్కుచెదరకుండా ఉండి శృతి మాత్రం దిగిందా, తప్పు బిరడాది కాదు. కొత్త తీగ ఇంకా సాగుతూ ఉండొచ్చు. చుట్లు వదులుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండొచ్చు. మేరువు, అంటే బిరడాల పక్కన తీగ ఆనే మెట్టు, దాని గాడిలో తీగ పట్టేస్తూ ఉండొచ్చు. తీగ అవతలి కొసన కట్టే లంగరు దగ్గర ముడి ఇంకా బిగుసుకుంటూ ఉండొచ్చు. వీటిలో ఒక్కదాన్నీ గేరు బాగుచెయ్యదు.

గీత జరిగినా కంగారు పడకండి. బిరడా కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది, రంధ్రమూ అదే వాలులో ఉండాలి. ఏళ్లు తిప్పగా తిప్పగా రెండూ అరిగి ఎక్కడో ఒక్కచోటే ఆనుతాయి. దానికి తోడు మన చెన్నై గాలి. వానల్లో చెక్క ఉబ్బి బిరడా కదలనంటుంది, అదే వీణని ఏసీ హాల్లో పెడితే చెక్క ఆరి వదులవుతుంది. రీమర్ అనే తొలిచే పనిముట్టుతో రంధ్రం సరిచేసి, బిరడాని దానికి తగ్గట్టు చెక్కి, జారుతుంటే సుద్ద, పట్టేస్తుంటే పొడి సబ్బు రాస్తే చాలు. ఇంకోటి, బిరడాని లోపలికి నొక్కుతూ తిప్పాలి. ఉత్తినే తిప్పి వదిలేసి "జారుతోంది" అంటే అదేం చేస్తుంది పాపం?

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, గిటారు కీలకి వాలు లేని రంధ్రాలు కావాలి, పక్కన మరలు దిగాలి. ఒకసారి తొలిచాక మళ్లీ చెక్క బిరడా కావాలంటే అవన్నీ పూడ్చి కొత్తగా తొలవాల్సిందే.

మొన్నామధ్య టీ నగర్ నుంచి ఒకావిడ వాళ్లమ్మ వీణ తెచ్చారు. మాది బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి పక్కనే, వీణ కొసన చెక్కే సింహంలాంటి ముఖాన్ని, అదే యాళిని, చూడగానే బొబ్బిలి వీణని పోల్చుకున్నాను. ఏకాండి, ఒకే పనసమానులో తొలిచింది. ఎవరో గిటారు కీలు బిగించారు. రెండు రంధ్రాల మధ్య వెంట్రుకంత బీట. "ఇంత ఖర్చు పెట్టినా శృతి నిలవట్లేదు అన్నా" అన్నారు. చూస్తే మేరువు గాడిలో సారణి, అంటే వాయించే ముఖ్యమైన తీగ, ఇరుక్కుంటోంది. అంతే. సన్నటి ఆకురాయితో ఐదు నిమిషాల పని. బీట సంగతి చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. టీ తెప్పించి, తాగాక చెప్పాను.

అసలు మన పెద్దలు సన్నటి సర్దుబాటు బిరడాకి వదల్లేదు. యూరప్‌లో లూట్ అనే పాత తీగల వాద్యంతో పోల్చి చూడండి, దానికి పేగుతో చేసిన తీగలు. 13 వరసల బరోక్ లూట్‌కి 24 బిరడాలు, వాటన్నిటినీ చెక్క బిరడాలతోనే నెట్టుకొచ్చారు. పేగు తీగ సాగుతుంది కాబట్టి బిరడా కాస్త కదిలినా స్వరం మరీ ఎగిరిపోదు. మన సారణి ఉక్కు తీగ, బిరడా పిసరంత కదిలితే స్వరం ఎటో పోతుంది. అందుకే లంగరు. బిరడాతో దగ్గరికి తెచ్చి, లంగరు మీద రింగు జరిపి సరిచేసుకోవాలి. నాలుగేళ్లు నేర్చుకుని కూడా ఆ రింగుని ముట్టనివాళ్లని చూశాను!

మిగతావి చకచకా చెప్పేస్తాను. గేరు పెడితే నాదం చచ్చిపోతుందనేది ఉత్త పుకారు. మోగే తీగ మేరువుకీ, కుండ మీద తీగలు ఆనే గుర్రానికీ మధ్య, బిరడా దానికి అవతల. నా చెవికైతే తేడా తెలీలేదు. బరువు మాత్రం నిజమే, వీణ మెడ కింది బుర్ర ఆనే ఎడమ తొడకి తెలుస్తుంది. పట్టేసిన బిరడాకి కొబ్బరినూనె? దయచేసి వద్దు, చెక్క పీల్చేసుకుంటే ఆ తర్వాత సుద్ద కూడా పట్టదు. వయొలిన్ వాళ్ల సంగతి వేరు. పైకి మామూలు బిరడాలాగే కనబడి లోపల గేరు ఉండేవి వాళ్లకి దొరుకుతాయి. విట్నర్ కంపెనీది 8.5 చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే భాగం ఒక్క చుట్టు తిరుగుతుంది. దాన్ని చూసి వీణకి గిటారు కీలు పెట్టడమూ అంతే అనుకోకండి.

గేరు ఎవరికి మంచిదంటే, మణికట్టులో బలం లేనివాళ్లకి, కీళ్లనొప్పులున్నవాళ్లకి. గిటారు కీ 14 చుట్లకి ఒక చుట్టు అనుకోండి, రెండు వేళ్లతో తిప్పొచ్చు. ఒక పెద్దాయనకి వేళ్లు వంగవు, శృతి చేసుకోలేక వీణే మానేస్తానన్నారు. కొత్త వీణ కొనిపించి దానికి నేనే కీలు బిగించాను. ఆయన పాత తంజావూరు వీణ మాత్రం గోడవారగా అలాగే ఉంది. ఏటా వానలయ్యాక వెళ్లి దాని బిరడాలు తిప్పి, సుద్ద రాసి వస్తుంటాను.