నీళ్లు కలిపింది ఆవే

పర్లాకిమిడిలో మా అమ్మమ్మగారింటికి పాలు పోసే మనిషి పాతపట్నం వైపు పల్లె నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మా గుమ్మం ముందు "పాలమ్మా" అనేవాడు, పక్కన ఒడియావాళ్లింటి ముందు అదే గొంతుతో "ఖీర" అని కేకేసేవాడు. అమ్మమ్మ గిన్నె వంచి చూసి, "ఏమోయ్, ఇవాళ మహేంద్రతనయ ఏట్లో ముంచి తెచ్చావా?" అనేది. అతను తడుముకోకుండా "నేనెందుకు కలుపుతానమ్మా, ఆవే కలిపేసింది" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత జీవకణాల గురించి చదువుతుంటే తెలిసింది, అతను చెప్పినదాంట్లో చాలావరకు నిజమే.

ఆవు పాలలో నూటికి 87 వంతుల దాకా నీళ్లే. మరి పొదుగులో కొళాయి లేదు కదా, ఆ నీళ్లు ఎలా చేరుతున్నాయి?

పొదుగు లోపల ద్రాక్షగుత్తుల్లా సన్నటి బుడగలుంటాయి. బుడగ గోడ ఒక్క వరస కణాలతో కట్టినది. కణానికి ఒక అంచు రక్తనాళాల వైపు, రెండో అంచు పాలు చేరే బోలు వైపు ఉంటుంది. ముడిసరుకు అటు నుంచి వస్తుంది, పాలు ఇటు నుంచి పోతాయి. చిక్కల్లా ఏమిటంటే, కణం చుట్టూ ఉన్న పొర కొవ్వు పదార్థంతో అల్లినది. ప్రోటీన్ లాంటి పెద్ద అణువు దాన్ని దాటలేదు. చిల్లు పెడితే కణమే పోతుంది. అందుకని కణం సరుకును తిత్తుల్లో కడుతుంది. తిత్తి కూడా ఆ పొరతో చేసినదే.

పాల ప్రోటీన్లలో ముఖ్యమైనది కేసీన్. దాని గొలుసు అల్లుతుండగానే కొస పట్టుకుని అంతర్జీవద్రవ్యజాలం అనే సంచుల వలలోకి దూరిపోతుంది. అలా దూరిన ప్రోటీన్, కణం లెక్కలో, అప్పటికే బయట ఉన్నట్టే. ఇక ముందు అది ఏ పొరనూ దాటనక్కర్లేదు. ఆ వల అంచు ఒకచోట ఉబ్బి, మొగ్గలా తెగి, తిత్తి అవుతుంది. పొరను అలా వంచడానికి బయటివైపు కొన్ని ప్రోటీన్లు పందిరిలా అల్లుకుంటాయి, పని కాగానే ఊడిపోతాయి. తిత్తి అడ్డుకొలత తలవెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు.

అక్కడి నుంచి అది గాల్జీ సంచుల్లో కలుస్తుంది. 1898లో కమిల్లో గాల్జీ గుడ్లగూబ నాడీకణాలకు వెండి రంగు పట్టించి వీటిని చూశాడు. అది రంగు చేసిన మాయే తప్ప నిజంగా అలాంటిదేమీ లేదని కొందరు దశాబ్దాల పాటు వాదించారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక గానీ ఆ తగవు తెగలేదు. ఈ గాల్జీ సంచుల్లో, వాటి నుంచి తెగే తిత్తుల్లోనే అసలు పనంతా జరుగుతుంది. కేసీన్‌కు ఫాస్ఫేట్ తగులుకుంటుంది, కాల్షియం వచ్చి చేరుతుంది, అన్నీ కలిసి ఉండలు కడతాయి. పాలు తెల్లగా కనబడడానికి ఈ ఉండలు, కొవ్వు బొట్లు వెలుగును చెదరగొట్టడమే కారణం.

నీళ్ల సంగతీ ఇక్కడే తేలుతుంది. గ్లూకోజ్, గాలక్టోజ్ కలిసి పాల చక్కెర లాక్టోజ్ తయారయ్యేది గాల్జీ సంచి లోపల. తయారైన లాక్టోజ్ ఆ గోడ దాటి వెనక్కి పోలేదు. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కల నుంచి మర్నాటికి ఊట దిగుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. ఎటు చిక్కదనం ఎక్కువో నీళ్లు అటు పోతాయి. సంచిలో చక్కెర పేరుకున్న కొద్దీ చుట్టుపక్కల నీళ్లు లోపలికి దిగుతాయి, తిత్తి ఉబ్బుతుంది. పాలకు నీళ్లు కలిసేది ఈ తిత్తుల్లోనే. లాక్టోజ్ తయారీకి కావలసిన ఒక ప్రోటీన్ లేకుండా చేసిన ఎలుకల మీద 1994లో పరిశోధన వచ్చింది. వాటి పాలు ఎంత చిక్కగా ఉన్నాయంటే, పిల్లలు పీల్చుకోలేక చనిపోయాయి.

అయితే ఆవు కలిపే నీళ్లకు లెక్క ఉంది. పాల ఊట బలం, అంటే నీళ్లను తనవైపు లాక్కునే బలం, ఎప్పుడూ రక్తంతో సమానంగా ఉంటుంది. అందుకే ఆవు పాలు సున్నాకు సుమారు అర డిగ్రీ కింద గడ్డకడతాయి, ఆ అంకె పెద్దగా మారదు. మనిషి కలిపితే అది సున్నా వైపు జరుగుతుంది. పాల ప్రయోగశాలల్లో కల్తీ నీటిని ఇలాగే పట్టుకుంటారు. మా పాలాయన అదృష్టం, అమ్మమ్మ దగ్గర ఉన్నది గిన్నె ఒక్కటే.

నిండిన తిత్తి ఊరికే తేలుతూ పోదు. కణంలో సన్నటి నాళికలు పట్టాల్లా పరుచుకుని ఉంటాయి, వాటి మీద అడుగులేసే మోటారు ప్రోటీన్లు తిత్తిని లాక్కెళతాయి. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే మా రైలుకీ దీనికీ తేడా ఒకటే: కణం తన పట్టాలను ఎప్పటికప్పుడు పీకి మళ్లీ వేసుకుంటుంది.

అంచు చేరాక తిత్తి మీది ప్రోటీన్, అంచు మీది ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని తాడు పేనినట్టు పురి పడతాయి. పురి బిగిసేసరికి రెండు పొరలూ ఒకటై సరుకు బయటికి ఒలుకుతుంది. వీటిని స్నేర్ ప్రోటీన్లంటారు. వీటిని పట్టినవాడు జేమ్స్ రాత్‌మన్. ర్యాండీ షెక్‌మన్ ఈస్ట్ కణాల్లో సరుకు బయటికి పోక లోపలే పేరుకున్న రకాలను ఏరి, ఏ జన్యువు చెడితే రవాణా ఎక్కడ ఆగుతుందో చూశాడు. థామస్ స్యూధాఫ్ నాడీకణంలో తిత్తి సరిగ్గా సమయానికే ఎలా తెరుచుకుంటుందో తేల్చాడు. 2013 నోబెల్ ముగ్గురిదీ. ధనుర్వాతం విషం చేసేది ఈ స్నేర్లలో ఒకదాన్ని కత్తిరించడమే. కండరాన్ని వదులు చెయ్యమనే కబురు మోసే తిత్తి తెరుచుకోదు, ఒళ్లు విల్లులా బిగుసుకుంటుంది.

కొవ్వు దారి వేరు. అది తిత్తిలో ఎక్కదు. బొట్టుగా అంచు దాకా వచ్చి, అంచు పొరనే దుప్పటిలా కప్పుకుని తెగిపోతుంది. అంటే కణం తన చర్మాన్నే కొంచెం ఇచ్చేస్తోందన్నమాట! ఆ లోటును తీర్చేది కేసీన్ తిత్తులే. తిత్తి అంచులో కలిసిన ప్రతిసారీ దాని పొర అంచుకు జమ అవుతుంది. ఒకటి జమ, ఒకటి ఖర్చు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఈ పద్దే.

ఆ దుప్పటి అమ్మమ్మ చేతిలో చిరిగేది. తెల్లవారుజామున స్తంభానికి కట్టిన కవ్వం, తాడు లాగుతుంటే జర్రు జర్రుమని చప్పుడు, కాసేపటికి ఆ చప్పుడు బరువెక్కేది. దుప్పటి చిరిగిన కొవ్వు బొట్లు ఒకదానికొకటి అంటుకుని వెన్నగా తేలేవి. చిరిగిన పీలికలు చాలావరకు మజ్జిగలో ఉండిపోతాయి. మేం చద్దన్నంలో పోసుకుని తిన్నది కణాల పొరల్నే.

దూడను వదిలితే ఆవు చేపుతుంది కదా, దాని వెనకా తిత్తులే. దూడ మూతి తగలగానే మెదడు కింది గ్రంథిలో ఆక్సిటోసిన్ నింపుకుని కాచుకున్న తిత్తులు తెరుచుకుంటాయి. అది రక్తంలో కలిసి పొదుగు చేరితే, బుడగల చుట్టూ ఉన్న కణాలు పిండినట్టు ముడుచుకుంటాయి. ఆవుకు టెన్షన్ వస్తే చేపదు. పాలాయన ఇంటికి కొత్తవాళ్లను రానిచ్చేవాడు కాదట.

ఇక జున్ను. ఆవు కడుపులో ఉండగా దూడకు తల్లి రక్తం నుంచి రోగనిరోధక ప్రోటీన్లు దాదాపు అందవు. అందుకని ఈనే ముందు పొదుగు కణాలు వాటిని రక్తం వైపు అంచున తిత్తుల్లోకి తీసుకుని, అడ్డంగా మోసుకెళ్లి, పాల వైపు దించుతాయి. దూడ పేగు కూడా వాటిని తిత్తుల్లోనే లోపలికి తీసుకుంటుంది, కానీ ఆ తలుపు సుమారు ఒక రోజులో మూసుకుపోతుంది. మా పాలాయన ఆవు ఈనినప్పుడు మొదటి రోజు పాలు ఇచ్చేవాడు కాదు. "దూడది తాగనియ్యండమ్మా" అనేవాడు. రెండో రోజు చెంబెడు తెచ్చేవాడు. జున్ను కాస్త పల్చగా వచ్చిందని అమ్మమ్మ సణిగేది, బెల్లం మాత్రం రెండచ్చులు వేసేది.